ముప్పై ఒకటో తేదీకి ముందే

ఒంగోలు,
డిసెంబరు 21

అమ్మాయికి పెదనాన్న దీవెనలు.

నువ్వు ఫోనులో పంపిన ఉత్తరాన్ని మీ పెద్దమ్మ గులాబీ పువ్వులు వేయిస్తూ ఉండగా చదివి వినిపించాను. వింటూ వింటూ ఒక వాయి మాడ్చింది. "వెంటనే ఫోను చేయండి దానికి" అంది. చేయలేదు. ఫోనులో అయితే నేను ప్రసంగం మొదలుపెడతాను, నువ్వు "సరే పెదనాన్నా" అంటావు, అక్కడితో సరి. అందుకే కాగితం తీసుకుని కూర్చున్నాను. మీ అన్నయ్య దీన్ని ఫోటో తీసి పంపుతానన్నాడు.

ముప్పై ఒకటో తేదీ రాత్రి ఆరాధనలో యువజనుల తరఫున సాక్ష్యం, అంటే ఈ ఏడాది దేవుడు నీకు చేసిన మేలులు, చెప్పమన్నారని రాశావు. జూలైలో ఉద్యోగం పోయింది. ఖాయమనుకున్న సంబంధం సెప్టెంబరులో తప్పిపోయింది. ఆ తర్వాత బైబిలు తెరిస్తే అక్షరాలు తప్ప ఏమీ కనిపించడం లేదన్నావు. "మేలులు వెతికి చెప్పనా, ఉన్నది చెప్పనా?" అని అడిగావు.

సాక్ష్యం సంగతి తర్వాత చూద్దాం. నువ్వు చెప్పకపోతే ఆరాధన ఆగిపోదు. ముందు ఈ ఏడాదిని నీకై నువ్వు చూసుకోవాలి. చూసుకోకుండానే సాక్ష్యం చెప్పేవాళ్లు మనలో చాలామంది. రెండు ఊళ్లలో కలిపి ఇరవై రెండేళ్లు సంఘ కోశాధికారిగా ముందు వరుసలో కూర్చుని విన్నవాణ్ణి. వీసా వచ్చింది, సీటు వచ్చింది, ఆపరేషను బాగా జరిగింది, స్థలం రిజిస్ట్రేషన్ అయింది. అవన్నీ నిజమే, దేవునికి స్తోత్రం చెప్పాల్సినవే. కానీ లెక్కలు రాసేవాడికి ఒక జబ్బు ఉంటుంది. ఎవరైనా జమ పేజీ ఒక్కటే చదివి కూర్చుంటే, ఖర్చు పేజీ ఏదీ, బకాయిల పేజీ ఏదీ అని చెయ్యి దురద పెడుతుంది.

కాబట్టి ముప్పై ఒకటి దాకా ఆగకు. ఆ రాత్రి ఆలోచించడానికి వీలుండదు. తొమ్మిదిన్నరకే మైకు మోగుతుంది. పన్నెండుకు గంట, కౌగిలింతలు, కేకు, కొత్త ఏడాదికని తలా ఒక బైబిలు వచనం అచ్చు వేసి పంచే వాగ్దాన కార్డులు. పూర్వం ఇలా ఉండేది కాదట. ఈ మెలకువ ఆరాధన 1733లో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్లనే క్రైస్తవ శాఖవాళ్లు మొదలుపెట్టినది. తర్వాత ఇంగ్లండులో కింగ్స్‌వుడ్ బొగ్గు గనుల వాళ్లు సారాయి కొట్టులో గడిపే రాత్రిని ప్రార్థనలో గడుపుతుంటే చూసి మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ దాన్ని ముచ్చటపడి నిలబెట్టాడు. వాళ్లకు లౌడ్ స్పీకర్లు లేవు కాబట్టి ఎవరి మనసు వాళ్లకు వినపడి ఉంటుంది.

27, 28 తేదీల్లో రెండు సాయంత్రాలు పెట్టుకో. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను. ప్రార్థన చేసి మొదలుపెట్టు, పొట్టిది చాలు. "మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము" అన్న 90వ కీర్తన మాట సరిపోతుంది. అందులో ఏమున్నదో గమనించు. లెక్కపెట్టమంటున్నది దినాలను, మేలులను కాదు.

జ్ఞాపకాన్ని మాత్రం నమ్మకు. జ్ఞాపకమంత చెడ్డ గుమాస్తా లేడు. దాన్ని అడిగితే నీకు జూలై, సెప్టెంబరు చూపించి పుస్తకం మూసేస్తుంది. మిగతా పది నెలలు ఎక్కడికి పోయాయి? అందుకే కాగితాలు ముందు పెట్టుకో. బ్యాంకు నుంచి ఏడాది లెక్క తీయించు. ఫోనులో ఎవరు చేశారో, ఎవరికి చేశావో చూడు. ఫోటోలు నెలవారీగా వెనక్కి తిప్పు. ప్రతి నెలకూ ఒక పేజీ. అందులో నీ బాధలూ సంతోషాలూ రాయకు, మనుషుల పేర్లు రాయి. ఎవరికి డబ్బు పంపావు, ఎవరికి పంపడం మానేశావు. ఎవరి ఫోను ఎత్తలేదు. ఎవరి ఇంట్లో భోంచేసి, మళ్లీ పలకరించలేదు.

పోయిన ఏడాది నేను పాస్‌బుక్కు ముందేసుకున్నాను. మందుల దుకాణం, కరెంటు, మందుల దుకాణం, మనవడి పుట్టినరోజు, మళ్లీ మందుల దుకాణం. పాలు పోసే ఆవిడకు కొడుకు ఫీజుకని రెండు వేలు ఇస్తానని మార్చిలో అన్నాను. పుస్తకమంతా తిప్పినా ఆ రెండు వేలు లేవు. ఆవిడ మళ్లీ అడగలేదు. రోజూ పొద్దున్నే పాలు పోస్తూనే ఉంది. కాగితం చూడకపోయి ఉంటే, ఇచ్చేశాననే అనుకునేవాణ్ణి. ఒట్టు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మీ నాన్నకు కూడా తెలియదు.

1991లో నేను వేరే ఊళ్లో పనిచేస్తున్నాను. అక్కడి సంఘంలో నెలకు రెండు రూపాయల చందా. చందా బకాయి ఉంటే సమాధి తోటలో చోటు లేదని పెద్దలు తీర్మానం చేసి పెట్టుకున్నారు. డిసెంబరు మొదటి వారంలో ఒక రిక్షా తొక్కే మనిషి చనిపోయాడు. ఆయన కొడుకు తలగుడ్డ చేతిలో పట్టుకుని గుడి మెట్ల దగ్గర నిలబడ్డాడు. పెద్దలందరూ నా వైపు చూశారు. రిజిస్టరు తెరిచాను. వేలుతో గీత వెంట పోయి, "అరవై నెలలు, నూట ఇరవై రూపాయలు" అన్నాను. ఇంకేమీ అనలేదు. జీతం వచ్చి రెండు రోజులే అయింది. చొక్కా జేబులో అంతకంటే ఎక్కువే ఉంది. ఆ మనిషిని ఊరి బయట వాగు పక్కన పూడ్చారు.

ఆ నెల ముప్పై ఒకటి రాత్రి నేను సాక్ష్యం చెప్పాను. ఒంగోలుకు బదిలీ అయినందుకు. బాగా చెప్పానని పాస్టరుగారు మెచ్చుకున్నారు.

నేను అబద్ధం చెప్పలేదు. రిజిస్టరులో ఉన్నదే చదివాను. అందుకే ఏడేళ్లు అది నా లెక్కలోకి రాలేదు. తర్వాత వెతుక్కుంటూ వాళ్లింటికి వెళ్లాను. ఆ పెద్దావిడ కుర్చీ తుడిచి వేసింది, చెంబుతో నీళ్లిచ్చింది. నేను నసుగుతూ చెప్పింది విని, "మీరు చదివింది నిజమే కదయ్యా, బకాయి ఉంది" అంది. క్షమించానని గానీ, క్షమించలేదని గానీ అనలేదు. నేను వచ్చేశాను.

నువ్వు రాసుకుంటూ పోయేటప్పుడు "ఇందులో నేను చేసిన తప్పేమీ లేదు" అనిపించిన చోట పెన్ను ఆపు. తప్పు చేసిన చోట మనసు ఎలాగూ గుచ్చుతుంది, దానికి నా సలహా అక్కర్లేదు. ఏమీ చేయని చోటే దారి తప్పుతాం. నీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. ఏప్రిల్‌లో నీ పక్క సీటు అమ్మాయిని తీసేశారని, నువ్వు ఫోను చేయలేదని. అన్ని వాక్యాల్లోకీ అదే పొట్టిది. జూలై గురించి పేజీన్నర రాశావు. జూలైలో నీకు ఎవరు ఫోను చేశారో, ఎవరు చేయలేదో కూడా రాశావు.

ఆ అమ్మాయికి ఫోను చెయ్యి. ముప్పై ఒకటి లోపే చెయ్యి. క్షమించమని మొదలుపెట్టకు, నీ బరువు తీసి ఆమె నెత్తిన పెట్టినట్టవుతుంది. ఎలా ఉందో అడుగు, ఆమె చెప్పేది విను. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. మనకు నాలుగంతలు ఎలాగూ చేతకాదు. ఏడాదికి ఒక్కటి చాలు. పది మందికి పది సందేశాలు పంపి చేతులు దులుపుకోవడం మాత్రం వద్దు.

ఇక సంబంధం సంగతి. వాళ్లు కారణం చెప్పలేదన్నావు. మీ నాన్నకు చెప్పారు, నీకు చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. "మీరు ఎటువైపు వాళ్లు" అని అడిగారట. గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ, ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువ. నూటయాభై ఏళ్లకు పైగా ఒకే రొట్టె విరుస్తున్నాం, సంబంధాల దగ్గరికి వచ్చేసరికి ఆ పాత గీత మళ్లీ ఎక్కడి నుంచో లేస్తుంది. మీటింగుల్లో మనం గట్టిగా మాట్లాడతాం. ఎస్సీలెవరో చెప్పే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో సిక్కులను 1956లో చేర్చారు, బౌద్ధులను 1990లో చేర్చారు, మనల్ని మాత్రం బీసీ-సీలో ఉంచారు అని. మాట్లాడాల్సిందే. నేనూ ఆ వేదికల మీద మాట్లాడాను. వేదిక దిగి కాఫీ తాగుతూ, "అబ్బాయి మనవాళ్లేనా?" అని అడిగినవాణ్ణీ నేనే. నీ పుస్తకంలో సెప్టెంబరు పేజీలో ఆ కుటుంబం మీద కోపం రాసుకో, తప్పులేదు. దాని కిందే, నువ్వు ఎప్పుడైనా ఎవరినైనా అలా అడిగావేమో కూడా రాసుకో. అడగలేదంటే నాకు సంతోషం.

వాగ్దాన కార్డుల గురించి నవ్వుతూ రాశావు. పోయిన జనవరిలో నీకు యిర్మియా 29:11 వచ్చిందని, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని ఉందని, ఆరు నెలలకే ఉద్యోగం పోయిందని. కార్డు మీద తప్పులేదమ్మా. కార్డు చిన్నది, అధ్యాయం పెద్దది. ఆ మాట బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు రాసిన ఉత్తరంలోది. దానికి ఒక్క వచనం పైన డెబ్బై ఏళ్లు అని ఉంది. ఇంకాస్త పైన ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని తీసుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఉంది. శత్రువుల పట్టణం కోసం! ఆ వచనాలను కార్డు మీద అచ్చు వేసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. నీ పన్నెండు పేజీల్లో హైదరాబాదు ఎక్కడుందో చూడు. నువ్వు అద్దెకున్న వీధి, వాచ్‌మన్ కుటుంబం, చెత్త తీసుకెళ్లే ఆవిడ. పేర్లు తెలియకపోతే ఆ ఖాళీ అలాగే వదిలేయి, వచ్చే ఏడాది నింపుకోవచ్చు.

కార్డును రాశిఫలంలా చదివే అలవాటు మనకు ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, ఈ ఊరి పాతవాళ్లది మాత్రం కాదు. 1854 జనవరి 1న తెల్లవారుతుండగా మన ప్రార్థన కొండ మీదికి అయిదుగురు ఎక్కారు. అమెరికా బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, నర్సు అనే పేరుగల తెలుగు విశ్వాసి, జూలియా, రూతు. వెనకటి ఏడాదే అమెరికాలో ఈ తెలుగు మిషనును మూసేద్దామా అని చర్చ జరిగింది. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని ఆ అయిదుగురు ప్రార్థించారు. ఆ ఏడాది ఎవరూ రాలేదు. మరుసటి ఏడాదీ రాలేదు. క్లౌ దొర ఒంగోలు చేరేసరికి 1866. మరుసటి జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఇక్కడి సంఘం ఏర్పడింది. తర్వాత 1876-78 కరవులో బకింగ్‌హామ్ కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆయన వేలమందికి కూలి చూపించాడు. వాళ్లు బాప్తిస్మం అడిగితే కరవు తీరేదాకా ఇవ్వనన్నాడు, అన్నం కోసం వచ్చారన్న మాట ఉండకూడదని. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది నీళ్లలోకి దిగారు. ఆ అంకె మనవాళ్లందరికీ నోటికి వచ్చు. నాకు మాత్రం మధ్యలోని ఆ పన్నెండు జనవరులే ఎక్కువ గుర్తొస్తాయి. ఆ జనవరుల్లో ఎవరైనా సాక్ష్యం అడిగి ఉంటే రూతు ఏం చెప్పి ఉండేదో.

బైబిలు అక్షరాలుగా కనిపిస్తున్నదన్నావు. నాకు మీ నాయనమ్మ పోయిన ఏడాది అలాగే ఉండేది. దానికి మందేమీ లేదు. 88వ కీర్తన చదువు, అది చీకటితోనే ముగుస్తుంది. అలాంటిది కూడా కీర్తనల్లో పెట్టారు కదా అని నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ప్రార్థన రాకపోతే ఆదివారం వెళ్లి వెనక బెంచీలో ఊరికే కూర్చో. ఎవరైనా "ఏమ్మా, కనబడటం లేదు" అంటే నవ్వు.

ఇప్పుడు సాక్ష్యం. రెండు సాయంత్రాలు రాసుకున్నాక నీకు చెప్పాలనిపిస్తే మూడు నిమిషాల్లో చెప్పు. ఉద్యోగం పోయిందని చెప్పు, ఇంకా రాలేదని చెప్పు. చివర్లో "అయినా దేవుడు నన్ను..." అని అతికించకు, నిజంగా అనిపిస్తే తప్ప. సంబంధం సంగతి చెప్పకు, అది ఇంకో కుటుంబం పరువు. ఆ అమ్మాయికి చేసిన ఫోను సంగతి అసలే చెప్పకు, ఎందుకో నీకు తెలుసు. చెప్పాలనిపించకపోతే 29 నాటికే యువజన కార్యదర్శికి ఆ మాట చెప్పేయి, వేరొకరిని చూసుకుంటారు.

లేదా ఈ గొడవంతా వదిలేసి ఇక్కడికి రా. 29 రాత్రి సింహపురి ఎక్కితే తెల్లవారేసరికి ఒంగోలులో ఉంటావు. నోటుపుస్తకం తెచ్చుకో, నాకు చూపించనక్కర్లేదు. ఒకటో తేదీ పొద్దున్నే కొండ ఎక్కుదువు గానీ, నా మోకాళ్లు ఒప్పుకోవు, కింద టీ కొట్టు దగ్గర ఉంటాను. మాడిన వాయి మీ పెద్దమ్మ నా వాటాకే వేసింది, మంచివి నీకోసం డబ్బాలో దాచింది. ఇంకొక సంగతి. ముప్పై ఒకటి రాత్రి కానుకలు లెక్కపెట్టడానికి ఇప్పటికీ నన్నే పిలుస్తారు. ఈ కళ్లజోడుతో అయిదు వందలూ రెండు వందలూ కలిసిపోతున్నాయి. పక్కన ఒక మనిషి కావాలి.

నీ పెదనాన్న