అబూ సైఫ్, మహ్‌ఫూజ్: ఒక సినిమా స్నేహం

ప్రశ్న: ఈజిప్టు సినిమా అనగానే యూసుఫ్ షాహీన్ పేరే వినిపిస్తుంది. నలభై దాకా చిత్రాలు తీసిన సలాహ్ అబూ సైఫ్ గురించి చెప్పగలరా? నోబెల్ అందుకున్న నవలాకారుడు నజీబ్ మహ్‌ఫూజ్‌కు సినిమా రచన నేర్పింది ఆయనేనంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: నిజమే. ఆ మాట మహ్‌ఫూజే కృతజ్ఞతతో చెప్పుకున్నారు. 1915లో పుట్టిన అబూ సైఫ్ కైరోలోని బూలాక్ అనే పేదల పేటలో పెరిగి, మహల్లా పట్టణపు బట్టల మిల్లులో ఉద్యోగం చేస్తుండగా, ఆ మిల్లు మీద చిత్రం తీయడానికి వచ్చిన దర్శకుడు నియాజీ ముస్తఫాతో ఏర్పడిన పరిచయం ఆయనను స్టూడియో మిస్ర్ ఎడిటింగ్ విభాగానికి చేర్చింది. అక్కడ ఏళ్ల తరబడి చేసిన పని వల్లే కాబోలు, ఆయన చిత్రాల్లో మాటలకంటే దృశ్యాలే ఎక్కువ చెబుతాయి. 1946లో దర్శకుడయ్యారు. మరుసటి ఏడాది వచ్చిన ‘అల్ ముంతకిమ్’ మొదలు మహ్‌ఫూజ్ ఆయనకు ఎన్నో చిత్రాలు రాశారు.

తన నవలలకు తానే స్క్రీన్‌ప్లే రాయకూడదన్నది మహ్‌ఫూజ్ నియమం. ఆ నవలల్లో మొట్టమొదట తెరకెక్కిన ‘బిదాయా వ నిహాయా’ (1960)ను ఇతరుల స్క్రీన్‌ప్లేతో తీసినది కూడా అబూ సైఫే.

అదే రచయిత నవల ఆధారంగా 1966లో తీసిన ‘అల్ కాహిరా 30’లో ఒక దృశ్యం చూడండి. ఉద్యోగం కోసం, పై అధికారి ఉంచుకున్న యువతిని పెళ్లాడడానికి ఒప్పుకున్న మహ్‌జూబ్ అనే పేద యువకుడు గోడకు తగిలించిన జింక కొమ్ముల ముందు నిలబడతాడు. కెమెరా ఉన్న చోటు నుంచి చూస్తే ఆ కొమ్ములు అతని తలకే మొలిచినట్టుంటాయి. భార్య పరాయివాడితో ఉన్నా సహించే మగవాడిని ఈజిప్టులో కొమ్ములున్నవాడంటారు. ఒక్క సంభాషణ లేకుండా ఒక మనిషి పతనాన్ని ఇంత నిర్దయగా, అయినా అతని పేదరికాన్ని మరువకుండా చూపిన షాట్లు నాకు తెలిసి చాలా తక్కువ.

అబూ సైఫ్ 1996లో కన్నుమూశారు. మీరు చూడటం మొదలుపెట్టదలిస్తే ‘అల్ ఫుతువ్వా’ (1957)తో మొదలుపెట్టండి. పొట్టకూటికి కైరో కూరగాయల మార్కెట్‌కు వచ్చిన పల్లెటూరి హరీదీ, గాడిదకు బదులు తానే బండి లాగి, చివరికి ఆ మార్కెట్‌ను గుప్పిట పట్టిన పెద్ద వ్యాపారితోనే తలపడతాడు.