రెండు కొసలూ కట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. ఇంటి పంపకాల ఘట్టంలో టెన్షన్ చాలలేదేమోనని అడిగావు. గుండెలు దడదడలాడాయి, గొంతులు వణికాయి, అయినా నాకు బిగువు తగల్లేదు.

ప్రాచీన గ్రీకులో ‘తోనొస్’ అనే మాట ఉంది. లాగి బిగించడం, అలా బిగించిన తాడు, ఆ బిగువు అన్నీ అందులోనే. క్రీ.పూ. 479లో ఏథెన్స్ సేన సెస్తోస్ పట్టణాన్ని ముట్టడించినప్పుడు, లోపలివాళ్లు ఆకలికి తాళలేక మంచాలకు బిగించిన పట్టీలు ఉడకబెట్టుకుని తిన్నారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఆ పట్టీలకు ఆయన వాడిన మాట ఇదే. గొంతు స్థాయికీ అదే మాట. తర్వాత స్టోయిక్కులనే గ్రీకు తత్వవేత్తలు మనసు దృఢత్వానికీ దాన్నే వాడారు. మన ‘తంతి’ మూలం కూడా ఆ గ్రీకు ధాతువుకు దాయాదే.

హోమర్ గ్రీకు కావ్యం ఒడిస్సీలో 21వ సర్గ ఒక్కసారి చదువు. కథానాయకుడు ఒడిస్సియస్ వింటిని ఎక్కుపెట్టాలని వచ్చినవాళ్లు దాన్ని నిప్పు మీద కాచారు, కొవ్వు రాశారు. వంగలేదు. ఒడిస్సియస్ మాత్రం తొందరపడడు. వింటి కొమ్మును పురుగు తొలిచిందేమోనని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. తర్వాత, గాయకుడు గొర్రెపేగు తంతిని రెండు వైపులా కట్టి లైరా అనే తంతివాద్యానికి బిగించినంత సులువుగా ఎక్కుపెడతాడు. వేలితో మీటితే నారి వానకోవెలలా పలుకుతుంది. చూస్తున్నవాళ్ల ముఖాల్లో రంగు మారిపోతుంది. బాణం ఇంకా వదల్లేదు!

రెండు వైపులా కట్టాడన్నది పట్టుకో. నీ కథలో తమ్ముడికి ఇల్లు కావాలి, సరే. అన్నకు ఏం కావాలి? ఎంత వెతికినా దొరకలేదు. తలొంచుకుని సంతకం పెట్టేస్తాడు. ఆ కొస ఊరికే వేలాడుతోంది. అమ్మ చివరిదాకా పడుకున్న పెరటి గది వదులుకోవడం అతనికి ప్రాణసంకటం అనుకో. అది నోరు తెరిచి చెప్పనివ్వకు. కలం పట్టుకుని, “పెరటి గది ఎవరి వాటాలోకొస్తుందిరా?” అని అడగనీ. తమ్ముడు తలెత్తకుండా, “నా వాటాలోకేలే అన్నయ్యా, పడగొట్టించేస్తా” అననీ. ఆ తర్వాత అన్న పెట్టే సంతకం చూడు, ఎంత బరువుగా ఉంటుందో.

దడదడలూ వణుకులూ అన్నీ కొట్టేయి. ఈ ఒక్క ఘట్టం తిరగరాసి పంపు. మిగతా కథ ఇప్పుడే ముట్టుకోకు.