34 అనేది మేజిక్ నంబరేనా?

ప్రశ్న: న్యూక్లియస్‌లో మేజిక్ నంబర్లంటే (ప్రోటాన్లు గానీ న్యూట్రాన్లు గానీ అన్ని ఉంటే కేంద్రకం గట్టిగా నిలబడే సంఖ్యలు) 2, 8, 20, 28, 50, 82, 126 అని చదువుకున్నాం. కాల్షియం-54లో 34 న్యూట్రాన్లు కూడా మేజిక్కేనంట, కానీ నికెల్‌లో కాదంట. దీనికి టెన్సర్ ఫోర్స్ కారణం అంటున్నారు. అదేంటండీ?

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగారండీ, ఇది నాకు బాగా ఇష్టమైన విషయం. మీరు చదివిన లిస్టు తప్పేం కాదు, 1949లో భౌతిక శాస్త్రవేత్తలు మరియా మేయర్, జెన్సన్ దాన్ని వివరించింది మామూలుగా దొరికే, స్థిరంగా ఉండే కేంద్రకాలని చూసి. న్యూట్రాన్లు మరీ ఎక్కువైన చోట లెక్క మారిపోతోంది.

రెండు న్యూక్లియాన్ల (అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్ల) మధ్య బలం దూరాన్ని బట్టే ఉంటుందనుకుంటాం కదా, టెన్సర్ ఫోర్స్ అలా కాదు, స్పిన్‌లు ఎటు చూస్తున్నాయి, వాటిని కలిపే గీత ఎటు ఉంది అనేది కూడా దానికి ముఖ్యం. రెండు అయస్కాంతాలు ఒకదాని వెనక ఒకటి పెడితే అతుక్కుంటాయి, అదే ధ్రువాలు ఒకే వైపు ఉంచి పక్కపక్కన పెడితే తోసుకుంటాయి చూడండి, డ్యూటరాన్‌లో (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ మాత్రమే ఉన్న కేంద్రకం) ఆ రెండిటి మధ్య అచ్చం అలాగే ఉంటుంది (ఇది అయస్కాంత బలం మాత్రం కాదు, ముఖ్యంగా పయాన్లనే కణాల మార్పిడి వల్ల వచ్చేది). అందుకే డ్యూటరాన్ పూర్తి గుండ్రంగా ఉండదు, స్పిన్ దిశలో కొంచెం సాగి ఉంటుంది, ఆ సంగతి 1939లోనే బయటపడింది.

ఇప్పుడు 34 దగ్గరికొద్దాం. 2005లో జపాన్ భౌతిక శాస్త్రవేత్త ఒత్సుకా బృందం ఒక రూల్ చెప్పింది. స్పిన్, కక్ష్యలో తిరుగుడు ఒకే వైపు ఉన్న ప్రోటాన్, ఆ రెండూ ఎదురెదురుగా ఉన్న న్యూట్రాన్‌ని కిందికి లాగుతుంది, రెండిట్లోనూ ఒకే వైపు ఉంటే పైకి తోస్తుంది. నికెల్‌లో ఎఫ్ 7/2 కక్ష్య (స్పిన్, తిరుగుడు ఒకే వైపు ఉన్నది) నిండా 8 ప్రోటాన్లు ఉంటాయి, అవి న్యూట్రాన్ల ఎఫ్ 5/2 లెవెల్‌ని (ఆ రెండూ ఎదురెదురుగా ఉన్నది) కిందికి లాగేస్తాయి, దాంతో అది పక్కనున్న పి కక్ష్యల్లో కలిసిపోయి 34 దగ్గర గ్యాప్ మిగలదు, లెవెల్స్ మధ్య పెద్ద గ్యాప్ ఉన్న చోటే మేజిక్ నంబర్ వస్తుంది. కాల్షియంలో ఆ 8 ప్రోటాన్లు లేవు! లాగేవాళ్ళు లేక ఎఫ్ 5/2 పైనే ఉండిపోతుంది, దాని కింద గ్యాప్ తెరుచుకుంటుంది.

2013లో జపాన్‌లోని రైకెన్ పరిశోధన సంస్థలో స్కాండియం, టైటానియం కేంద్రకాలని బెరీలియానికి గుద్దించి, ఒకటో రెండో ప్రోటాన్లు ఊడగొట్టి, వచ్చిన కాల్షియం-54 గామా కిరణాలు చూశారు. దాని మొదటి ఎక్సైటెడ్ లెవెల్ (కేంద్రకాన్ని కదిలించడానికి కావలసిన కనీస శక్తి) 2043 కెఇవి (శక్తి కొలత) దగ్గరుంది, అదే 34 న్యూట్రాన్లున్న నికెల్-62లో 1173 కెఇవే. అది ఎక్కువగా ఉందంటే గ్యాప్ పెద్దదని గుర్తు. ఈ తేడా చూసినప్పుడల్లా నాకు ఎంత ముచ్చటేస్తుందో.

అంతా టెన్సర్ ఫోర్సే చేసిందని మాత్రం అనుకోకండి, మామూలు సెంట్రల్ ఆకర్షణ (దూరాన్ని బట్టే ఉండే బలం) కూడా ఎఫ్ 5/2ని లాగుతుంది. ఇంకోటి, ఎఫ్ 7/2, ఎఫ్ 5/2 రెండూ ప్రోటాన్లతో నిండిపోతే టెన్సర్ ప్రభావం ఒకదానికొకటి కొట్టేసుకుంటుంది. ఒకటి నిండి ఇంకోటి ఖాళీగా ఉన్నప్పుడే అది గట్టిగా కనబడేది.