నీ కంచం సంగతి

చిట్టితల్లీ,

కాన్పయ్యాక ఎవరినీ రమ్మనకుండా మీరిద్దరే చూసుకుంటామన్నారట, మీ అమ్మ చెప్పింది. సెలవులు ఎలా పంచుకోవాలో, రాత్రిళ్ళు ఎవరు ఎప్పుడు లేవాలో కాగితం మీద రాసి పెట్టుకున్నారట. విని పొంగిపోయాను. చిన్నప్పటి నుంచీ నీ పనులు నువ్వే చక్కబెట్టుకుంటావు. కానీ ఆ కాగితంలో బిడ్డ స్నానం, బిడ్డ నిద్ర, బిడ్డ టీకాలు అన్నీ ఉన్నాయట, నీ తిండి గురించి మాత్రం ఒక్క ముక్క లేదట. పైగా నెల తిరిగేసరికి బరువు తగ్గడానికి తిండి తగ్గించేస్తానన్నావట! అది విన్న దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ప్రతి పూటా పప్పో, గుడ్డో, పెరుగో కంచంలో ఉండి తీరాలి. కుట్లు పడ్డ చోట కండ కూడుకోవాలంటే మాంసకృత్తులు కావాలి. ఆకుకూరలు, పండ్లు రోజూ తిను. పాలివ్వడానికి కూర్చున్నప్పుడల్లా పక్కన నీళ్ళు పెట్టుకో. అయోడిన్ ఉన్న ఉప్పే వాడు. మాంసం, చేపలు మానేసి చాలా కాలమైంది కాబట్టి బీ12 విటమిన్ గురించి డాక్టర్ని తప్పకుండా అడుగు. నీకు తక్కువైతే నీ పాలు తాగే బిడ్డకీ తక్కువవుతుంది.

బరువు సంగతి. బిడ్డ రోజుకి ముప్పావు లీటరు దాకా పాలు తాగుతుంది. అవన్నీ నీ ఒంట్లోంచి రావాల్సినవే. అందుకే పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకి 400 నుంచి 500 కేలరీలు ఎక్కువ కావాలంటారు. గర్భసంచి మునుపటి సైజుకి రావడానికే ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా పాత బట్టలు బీరువాలోనే ఉండనీ, వాటికేం తొందర?

ఇక నా అసలు భయం. ఇది రాయనా అని మీ అమ్మని అడిగాను, రాయమంది.

నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకి రక్తం బాగా పోయింది. మామూలు కాన్పులో కూడా అర లీటరు దాకా పోవచ్చు, తనకి అంతకంటే ఎక్కువే పోయింది. ఇంటికి పంపేటప్పుడు ఐరన్ మాత్రలు రాసిచ్చారు. మొదట్లో వేసుకుంది. మలబద్ధకం మొదలయ్యేసరికి, ముక్కితే కుట్లు ఊడిపోతాయేమోనని భయపడి, ఎవరికీ చెప్పకుండా మానేసింది. తిండి కూడా అంతంతమాత్రమే. నిన్ను పడుకోబెట్టి వచ్చి, స్టవ్ దగ్గరే నిలబడి, చల్లారిపోయింది నాలుగు ముద్దలు తినేది. లేదంటే టీ తాగి ఊరుకునేది. మెట్లెక్కితే ఆయాసం. మొహం పాలిపోయింది. ఏమే అలా ఉన్నావని అడిగితే, "పిల్లతో నిద్ర లేదు కదక్కా, అందరికీ ఇంతే" అనేది. ఆ మాట ఇంట్లో అందరూ నమ్మారు.

ఒకరోజు నిన్నెత్తుకుని గదిలోంచి వస్తూ గుమ్మం దగ్గర ఆగిపోయింది. గోడకి వీపు ఆనించి, అలాగే జారి కూలబడింది. పెదవులు తెల్లగా ఉన్నాయి. కళ్ళు మూతలు పడుతున్నాయి, చేతులు మాత్రం నీ చుట్టూ బిగుసుకుపోయి ఉన్నాయి. నిన్ను తీసుకోవడానికి తన వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది. నువ్వు నిద్రలోనే ఉన్నావు. డాక్టరు కంటి కింది రెప్ప లాగి చూసి వెంటనే రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 7కి పడిపోయి ఉంది. ఇంటికొచ్చి సొరుగు తీస్తే, ఆ మాత్రల అట్టలు దాదాపు అలాగే ఉన్నాయి.

మీ అమ్మని తప్పుపట్టడానికి రాయట్లేదు తల్లీ. తనకి చెప్పవలసినవి ఎవరూ చెప్పలేదు. నీకు నేను చెబుతున్నాను. ఐరన్ మాత్రని టీతో, కాఫీతో, పాలతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. కాల్షియం మాత్రకీ దీనికీ మధ్య రెండు గంటలైనా తేడా ఉండాలి. నిమ్మరసంతోనో, నారింజతోనో వేసుకుంటే బాగా పడుతుంది. పప్పుల్లో, ఆకుకూరల్లో ఉండే ఐరన్ మాంసంలోదంత తేలిగ్గా ఒంటబట్టదు కాబట్టి వాటి మీదా నిమ్మకాయ పిండుకో. విరేచనం నల్లగా వస్తే కంగారుపడకు, అది మాత్ర వల్లే. మలబద్ధకం వస్తే నీళ్ళు, పండ్లు పెంచు, కాస్త నడువు. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుతో చెప్పు, మందు మారుస్తారు. నీ అంతట నువ్వు మాత్రం మానెయ్యకు. గర్భిణుల్లో రక్తహీనత ఎక్కువగా ఉండే చోట్ల కాన్పు తర్వాత 6 నుంచి 12 వారాలు ఐరన్ ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతుంది. నిద్రపోయి లేచినా తీరని నీరసం, గుండెదడ, ఆయాసం ఉంటే పరీక్ష చేయించుకోవాల్సిందే. "అందరికీ ఇంతే" అన్న మాట నీ నోట నేను వినకూడదు.

మీ ఇద్దరే ఉంటారు కాబట్టి నీ కంచం నీ చేతికి అందేది ఎలాగో ఇప్పుడే తేల్చుకోండి. బిడ్డ సరిగ్గా నువ్వు తినబోయేటప్పుడే ఏడుస్తుంది. అప్పుడు బిడ్డని అల్లుడు ఎత్తుకోవాలి, నువ్వు తినాలి. ఆ కాగితంలో ఈ ఒక్క వాక్యం చేర్చండి. కాన్పుకి ముందే కొన్ని కూరలు వండి చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోండి. నువ్వు పాలిచ్చే కుర్చీ పక్కన అరటిపండ్లు, బాదం, ఉడికించిన గుడ్డు లాంటివి ఉంచుకో, ఒక చేత్తో తినేయొచ్చు.

అది తింటే బిడ్డకి గ్యాస్, ఇది తింటే జలుబు అని చెప్పేవాళ్ళు చాలామంది వస్తారు. అందరి మాటా విని ఒక్కొక్కటీ మానేస్తే చివరికి నీ కంచంలో అన్నం, నీళ్ళే మిగులుతాయి. నీ కడుపులో గ్యాస్ పాలలోకి వెళ్ళదు. బిడ్డ విరేచనంలో రక్తం కనిపించినా, ఒంటి మీద దద్దుర్లు వచ్చినా డాక్టర్ని అడిగి అప్పుడు మాను. పాలు పెరగడానికి ప్రత్యేకమైన తిండి కోసం వెతకొద్దు, బిడ్డ ఎంత తరచుగా చప్పరిస్తే పాలు అంత పడతాయి.

తిండితో బాగుపడనివీ ఉన్నాయి. గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం పోయినా, జ్వరం వచ్చినా, విపరీతమైన తలనొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళు. ముద్ద నోట్లో పెట్టుకోబుద్ధి కాక, ఊరికే ఏడుపొస్తూ రెండు వారాలు దాటితే అదీ డాక్టరుకి చెప్పాల్సిందే. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు బంగారం, అది నీ చేతకానితనం కాదు.

ఈ వారమే రక్తపరీక్ష చేయించుకుని హిమోగ్లోబిన్ ఎంతుందో నాకు ఫోన్ చేసి చెప్పు. 11 కంటే తక్కువుంటే కాన్పు దాకా ఆగొద్దు, ఇప్పుడే డాక్టరుతో మాట్లాడు.

మీ పెద్దమ్మ