ముందు కంట్రోల్ బతకాలి: నీటి ఈగల పరీక్షపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టు కోసం డాఫ్నియా మాగ్నా అనే నీటి ఈగ మీద 48 గంటల పరీక్ష చేస్తున్నాను. మందు కలపని కంట్రోల్ బీకర్లలోనే 20 పిల్లల్లో ఐదారు కదలకుండా పోతున్నాయి. నల్లా నీళ్లు ఒక రాత్రి నిలబెట్టి వాడుతున్నాను. ఎక్కడ పొరపాటు? – ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఈ పరీక్షకు పెట్టిన 202వ నంబరు పద్ధతి ప్రకారం కంట్రోల్‌లో 10 శాతానికి మించి, అంటే 20లో రెండుకు మించి కదలిక కోల్పోతే ఆ పరీక్ష చెల్లదు. ఆ రోజు మందు బీకర్లలో ఎంత చక్కని అంకెలు వచ్చినా పక్కన పెట్టేయండి. కంట్రోల్‌లో కదలిక కోల్పోయినవాటిని లెక్కలో సరిచేసి నెట్టుకొచ్చే ప్రయత్నం చేయకండి.

మొదటి అనుమానం నీళ్ల మీదే. రాత్రంతా తెరిచి ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది, క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసి ఏర్పడేది) పోదు. ఇత్తడి నల్లాల నుంచి దిగే రాగి అసలే పోదు. డాఫ్నియాకు రాగి లీటరుకు పదుల మైక్రోగ్రాముల్లోనే విషం. బోరు నీళ్లకు మారదామనుకోకండి. మన వైపు బోర్లలో కాఠిన్యం ఊరికో తీరుగా ఉంటుంది, కొన్నిచోట్ల ఫ్లోరైడ్ కూడా ఎక్కువే. డిస్టిల్డ్ వాటర్‌తో నీళ్లు మీరే తయారు చేసుకోండి. నాలుగు స్టాకులు, అంటే తర్వాత పలచన చేసి వాడే చిక్కటి ద్రావణాలు, వేర్వేరు సీసాల్లో కలపాలి. లీటరుకు కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 11.76 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 4.93 గ్రాములు, సోడియం బైకార్బొనేట్ 2.59 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.23 గ్రాములు. ఒక్కోదాని నుంచి 25 మి.లీ. తీసి, అన్నీ కలిపి లీటరు చేయండి. కాఠిన్యం 250 మి.గ్రా. దగ్గర వస్తుంది. రాత్రంతా గాలి పట్టించి, పీహెచ్ చూసుకున్నాకే వాడండి. తల్లులను కూడా ఇవే నీళ్లలో పెంచాలి, కొత్త నీళ్లకు మెల్లగా అలవాటు చేయాలి. తల్లి ఒక నీళ్లలో, పిల్ల మరో నీళ్లలో అయితే ఆ మార్పుకే పిల్ల దెబ్బతింటుంది.

రెండోది పిల్లల వయసు. 24 గంటల లోపువే పనికొస్తాయి. సాయంత్రం గుడ్లు నిండిన తల్లులను వేరే బీకరులోకి మార్చండి, పొద్దున అందులో కనిపించే పిల్లలను తీసుకోండి. తొలి కాన్పు పిల్లలు వద్దు. తల్లుల వీపు మీద జీను వేసినట్టు నల్లటి గట్టి పెట్టె కనిపిస్తే అది ఎఫిప్పియం, విశ్రాంతి గుడ్ల తొడుగు. కల్చర్ ఇరుకైందనో, మేత చాలలేదనో అది చెప్పే గుర్తు. అలాంటి కల్చర్ నుంచి పిల్లలను తీసుకోవద్దు. పరీక్ష జరిగే 48 గంటలూ మేత వేయకూడదు, కాబట్టి అంతకుముందు తల్లులకు క్లోరెల్లా లాంటి పచ్చ నాచు కడుపు నిండా అందాలి.

మూడోదాన్ని చాలామంది గమనించరు. పిల్లను డ్రాపర్‌తో పైనుంచి చుక్కలా వేస్తే కవచం లోపల గాలి చిక్కుకుంటుంది. అప్పుడు నీటి పైపొరకు అతుక్కుపోతుంది. లెన్సు కింద పెట్టి చూడండి: రెండు పెద్ద స్పర్శశృంగాలతో ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది, ఒక్క మిల్లీమీటరు కూడా కిందికి దిగలేదు. అది విషం వల్ల జరిగింది కాదు, మన చేతి పొరపాటు వల్ల జరిగింది. డ్రాపర్ మూతి వెడల్పుగా, మంటలో కాల్చి నునుపు చేసినదై ఉండాలి. మూతిని నీటిలో ముంచి, పిల్లను లోపలే వదలాలి.

ఇక గాజు సామాను. సబ్బు మరక మిగిలితే అదే విషం. కడిగాక 10 శాతం నైట్రిక్ ఆమ్లంతో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగైదు సార్లు తొలవండి. ఉష్ణోగ్రత 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండాలి, ఒకే పరీక్షలో ఒక డిగ్రీకి మించి అటూ ఇటూ కాకూడదు. వరంగల్‌లో మే నెలలో ఏసీ లేని గదిలో ఇది కుదరని పని. కరెంటు పోతుందన్న భయం ఉంటే బీకర్లను థర్మోకోల్ పెట్టెలో పెట్టి, పక్కన చల్లటి నీళ్ల సీసాలు ఉంచండి, ఐసు నేరుగా తగలనీయకండి. అసలు వేసవి ప్రాజెక్టే అయితే మన కుంటల్లో దొరికే మోయినానో సీరియోడాఫ్నియానో (ఇవీ నీటి ఈగలే) 25 డిగ్రీల దగ్గర పెంచి వాడటం మేలని మా అభిప్రాయం. కాకపోతే ఆ అంకెలను మాగ్నా అంకెల పక్కన పెట్టి పోల్చకండి.

ఇవన్నీ సరిచేశాక పొటాషియం డైక్రోమేట్‌తో ఒకసారి పరీక్షించుకోండి. 100 మి.గ్రా. లీటరు నీళ్లలో కరిగించి, ఆ స్టాకు నుంచి 4, 7, 12, 20, 34 మి.లీ. తీసి ఒక్కోదాన్ని లీటరు చేస్తే 0.4, 0.7, 1.2, 2.0, 3.4 మి.గ్రా. గాఢతలు వస్తాయి. 24 గంటల ఈసీ50 (సగం పిల్లల కదలిక ఆపే గాఢత) లీటరుకు 0.6–2.1 మి.గ్రా. మధ్య పడితే మీ జీవులు, మీ చెయ్యి రెండూ బాగున్నట్టే. డైక్రోమేట్ క్యాన్సర్ కారకం. గ్లవ్స్ వేసుకోండి, మిగిలింది సింకులో పోయకండి.

ప్రశ్న: 24 గంటలకు కదలనిది 48 గంటలకు మళ్లీ ఈదుతోంది. చచ్చినట్టు రాశాను కదా, ఇప్పుడేం చేయాలి? – కరీంనగర్

జవాబు: చచ్చినట్టు రాయడమే తప్పు. ఈ పరీక్షలో చూసేది చావు కాదు, కదలిక ఆగడం. అందుకే ఎల్‌సీ50 (సగం చచ్చే గాఢత) అనకుండా ఈసీ50 అంటారు. బీకరును మెల్లగా తిప్పి 15 సెకన్లు చూడండి. ఆ లోపు ఈదకపోతే కదలనిదిగా లెక్క, స్పర్శశృంగం చిన్నగా అదిరినా సరే. 24కు ఏం కనిపించిందో అది, 48కి ఏం కనిపించిందో అది, రెండూ ఉన్నవున్నట్టు రాయండి. కోలుకోవడం కూడా ఒక సమాచారమే.

ప్రశ్న: క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ అనే పురుగుమందుతో చేశాను. ప్లాస్టిక్ కప్పులు వాడాను. ఒకసారి 1 మైక్రోగ్రాము దగ్గర అన్నీ పడిపోయాయి, మరోసారి సగం కూడా పడలేదు. స్టాకు అదే, వారం కిందటిది. – పరిశోధక విద్యార్థి, కాజీపేట

జవాబు: కారణాలు రెండూ మీ ప్రశ్నలోనే ఉన్నాయి. క్లోర్‌పైరిఫాస్ నీటిలో ఉండటానికి ఇష్టపడదు, ప్లాస్టిక్ గోడకు పట్టేస్తుంది. కాబట్టి గాజే వాడండి. ఇక్కడ ఈసీ అంటే నీళ్లలో కలిపితే ఎమల్షన్ అయ్యే ద్రవ మందు, ఈసీ50లోని ఈసీ కాదు. నీళ్లలో కలిపిన ఆ ఎమల్షన్ నిలవ ఉంటే విడిపోతుంది, అందుకే స్టాకు ఏ రోజుకారోజు కలుపుకోవాలి.

లెక్క ఇలా చేయండి. 20 ఈసీ అంటే బరువులో 20 శాతం అసలు మందు. పిపెట్‌తో కొలవకండి, తూకం వేయండి. 0.5 గ్రా. ద్రవంలో 100 మి.గ్రా. మందు ఉంటుంది, దాన్ని లీటరు చేయండి. అందులో 1 మి.లీ. తీసి మళ్లీ లీటరు చేస్తే 100 మైక్రోగ్రాములు. దాంట్లో 10 మి.లీ. తీసి లీటరు చేస్తే 1 మైక్రోగ్రాము. అక్కడి నుంచి సగానికి సగం నీళ్లు కలుపుతూ పోతే 0.5, 0.25, 0.125, 0.0625. గాఢతల మధ్య తేడా 2.2 రెట్లు మించకూడదన్న నియమానికి ఇది సరిపోతుంది. ఒక్కో గాఢతకు నాలుగు బీకర్లు, బీకరుకు ఐదు పిల్లలు, పిల్లకు కనీసం 2 మి.లీ. నీళ్లు. ఎన్ని పడతాయో ముందే తెలియకపోతే పది రెట్ల తేడాతో చిన్న పరీక్ష ఒకటి చేసుకోండి.

0.25 దగ్గర 20 శాతం, 0.5 దగ్గర 80 శాతం ఆగిపోయాయనుకుందాం. ఈసీ50ని రెండు గాఢతల సగటుగా 0.375 అని రాయకండి. లాగ్ లెక్కలో నడుమ పడేది 0.35. థీసిస్‌కు మాత్రం ప్రోబిట్ అనే గణాంక పద్ధతిలో చేసి విశ్వాస అవధులు (ఈసీ50 ఏ హద్దుల మధ్య ఉండొచ్చో) కూడా ఇవ్వండి.

ఇంకో మాట. ఈసీలో ద్రావకం, ఎమల్సిఫయర్ కూడా ఉంటాయి, జీవి మీద వాటి దెబ్బా పడుతుంది. కాబట్టి శీర్షికలో ‘క్లోర్‌పైరిఫాస్’ అని కాక ‘క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ’ అని రాయడమే న్యాయం. టెక్నికల్ గ్రేడ్ (ద్రావకం, ఎమల్సిఫయర్ కలపని అసలు మందు) దొరికితే అసిటోన్‌లో కరిగించండి. అసిటోన్ లీటరుకు 0.1 మి.లీ. మించకూడదు, దానికి వేరే కంట్రోల్ కూడా పెట్టాలి.

ప్రశ్న: మా చెరువుకు ఎగువన అంతా పత్తి. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొట్టారు, తర్వాత వాన పడి నీళ్లు చెరువులోకి వచ్చాయి. ఆ నీళ్లు తెచ్చి చూస్తే నీటి ఈగలు హాయిగా తిరుగుతున్నాయి. చెరువుకు ఏమీ కాలేదనుకోవచ్చా? – చేపల రైతు, నర్సంపేట

జవాబు: అనుకోవద్దు. డాఫ్నియా మాగ్నాకు ఇమిడాక్లోప్రిడ్ 48 గంటల ఈసీ50 లీటరుకు 85 మి.గ్రా. దగ్గర ఉంటుంది. చెరువు నీళ్లలో అంత మందు చేరడం దాదాపు అసాధ్యం. కానీ అడుగు బురదలో ఉండే ఎర్ర పురుగులకు, అంటే కైరోనోమస్ లార్వాలకు, లీటరుకు పదుల మైక్రోగ్రాములు చాలు. అంటే వెయ్యి రెట్లకు పైగా తేడా. ఆ పురుగు కీటకం, ఈ మందు తయారైందే కీటకాల నరాలను పట్టుకోవడానికి. పైగా అడుగున మేసే చేపలకు ఆ పురుగులే మంచి తిండి, అవి పోతే చేప ఎదుగుదల తగ్గుతుంది. నీటి ఈగల కబురును క్లోర్‌పైరిఫాస్ లాంటి మందులకు నమ్మవచ్చు, ఇమిడాక్లోప్రిడ్‌కు నమ్మకూడదు.

ఎర్ర పురుగులకు విడిగా ఓఈసీడీ 235 పద్ధతి 2011 నుంచి ఉంది. అప్పుడే పొదిగిన తొలి దశ లార్వాల మీద 48 గంటలు చేస్తారు. ల్యాబ్‌కు నీళ్లు పంపాలంటే గాజు సీసాను గాలి మిగలకుండా మూతి దాకా నింపండి. వాన వెలిసిన వెంటనే, పొలం నీళ్లు చెరువులో పడే చోట ఒకటి, మత్తడి దగ్గర ఒకటి, మందు పారని పైచెరువు నుంచి ఒకటి పట్టండి. ఐసు పెట్టెలో పెట్టి మరునాటికల్లా అందించండి. ఎప్పుడు ఏ మందు కొట్టారో చీటీ మీద రాయండి, వీలైతే డబ్బా లేబుల్ ఫొటో జత చేయండి. మూడో సీసాను మరవకండి, మీ చెరువుకు అదే కంట్రోల్.