మా బడి టీచర్‌ను వేరే ఊరికి పంపేశారు.. తల్లిదండ్రులుగా మేం అడగొచ్చా?

ప్రశ్న: మాది తెలంగాణలో ఓ చిన్న ఊరు. మా మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో 1 నుంచి 5వ తరగతి వరకు 46 మంది పిల్లలున్నారు. రెండు టీచర్ పోస్టులుంటే, ఒకరిని తాత్కాలిక సర్దుబాటు, అంటే వర్క్ అడ్జస్ట్‌మెంట్ అని వేరే ఊరి బడికి పంపేశారు. ఐదు తరగతులూ హెచ్‌ఎం సారు ఒక్కరే చూస్తున్నారు. బాత్రూములున్నాయి కానీ నీళ్లు రావు. ఆడపిల్లలు బడిలో ఉన్నంతసేపూ మంచినీళ్లు కూడా తాగకుండా ఓర్చుకుంటున్నారు. నేను బడి కమిటీలో సభ్యురాలిని. ముందే రాసిపెట్టిన పుస్తకంలో సంతకం పెట్టించుకోవడం తప్ప మమ్మల్ని ఏదీ అడగరు. బడికి తాళం వేద్దామని కొందరు అంటున్నారు. ఎక్కువ మాట్లాడితే పిల్లలకు టీసీ ఇచ్చి పంపేస్తారని ఇంకొందరు భయపెడుతున్నారు. మా తోటికోడలి పాపకు ఎనిమిదేళ్లు, కాళ్లు పనిచేయవు. రోజూ ఎత్తుకెళ్లి దింపి, మళ్లీ తెచ్చుకోవడంతో ఆమెకు కూలి పోతోంది. అలాంటి కుటుంబానికి ఏదైనా సాయం ఉంటుందా? అసలు మాకు అడిగే హక్కు ఉందా?
– ఓ తల్లి

జవాబు: అమ్మా, అడిగే హక్కు మీకు ఉంది. పైగా కమిటీ సభ్యురాలిగా అడగాల్సిన బాధ్యతను కూడా చట్టం మీ మీద పెట్టింది. మీరు రాసినవాటిలో ఎక్కువ భాగానికి విద్యాహక్కు చట్టంలో నేరుగా సమాధానాలున్నాయి. 2009లో పార్లమెంటు చేసిన ఈ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య రాజ్యాంగంలోని 21ఏ అధికరణం కింద ప్రాథమిక హక్కు. కాబట్టి ఆఫీసు గుమ్మం ముందు నిలబడి బతిమాలుకుంటున్నామన్న భావన ముందు మనసులోంచి తీసేయండి.

టీచర్ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే మీ చేతిలో అన్నిటికన్నా బలమైన అంశం అదే. ఈ చట్టం చివర ఉన్న షెడ్యూల్ ప్రకారం 1 నుంచి 5వ తరగతి వరకు ఉన్న బడిలో 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు ఉండాలి. 61 నుంచి 90 మంది వరకు ఉంటే ముగ్గురు. మీ బడిలో 46 మంది ఉన్నారు కాబట్టి ఇద్దరు తప్పనిసరి. ఇక సెక్షన్ 25లోని రెండో భాగాన్ని మీ ఊళ్లో అందరికీ చదివి వినిపించండి. పిల్లల సంఖ్యకు తగ్గట్టు టీచర్లు ఉండాలి కాబట్టి, ఒక బడికి పోస్టింగ్ ఇచ్చిన టీచర్‌తో మరో బడిలో గానీ ఆఫీసులో గానీ పని చేయించకూడదని అందులో ఉంది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల పనులు మాత్రమే దీనికి మినహాయింపు. డిప్యుటేషన్ అన్నా, వర్క్ అడ్జస్ట్‌మెంట్ అన్నా, పేరేదైనా మీ బడిలో మిగిలింది ఒక్కరే అయినప్పుడు ఆ ఉత్తర్వు ఈ సెక్షన్‌కు విరుద్ధమే. పార్లమెంటు చేసిన చట్టాన్ని ఆఫీసు ఉత్తర్వు దాటిపోలేదు.

ఇక్కడ ఒక మాట. మీ పోరాటం హెచ్‌ఎం సారు మీద కాకూడదు. ఐదు తరగతుల పిల్లల్ని ఒకే వరండాలో కూర్చోబెట్టుకుని, ఒకరికి పలకలు దిద్దుతూ, ఇంకొకరికి భాగహారం చెబుతూ, మధ్యలో మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ అటెండెన్స్ చూసుకునే మనిషి కూడా ఈ ఏర్పాటు వల్ల నష్టపోతున్నవారే. వేరే బడికి వెళ్లిన టీచర్ కూడా ఉత్తర్వు వస్తేనే వెళ్లారు. మీ అర్జీలో ‘ఫలానా టీచర్‌పై చర్య తీసుకోండి’ అని రాయకండి. ‘ఆ ఉత్తర్వు రద్దు చేసి మా టీచర్‌ను మా బడికి పంపండి’ అని రాయండి. ఇలా రాస్తే హెచ్‌ఎం గారు కూడా మీ వైపు నిలబడే అవకాశం ఉంటుంది.

ఇప్పుడు బడి కమిటీ గురించి. దీని అసలు పేరు పాఠశాల యాజమాన్య కమిటీ. సెక్షన్ 21 ప్రకారం ఇందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగ్గ చోటు ఇవ్వాలి. కమిటీ చేయాల్సిన పనులు కూడా అదే సెక్షన్‌లో ఉన్నాయి: బడి ఎలా నడుస్తోందో గమనించడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసి సిఫార్సు చేయడం, వచ్చిన గ్రాంట్లు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం. చాలామంది పట్టించుకోని సెక్షన్ 22 మరో మెట్టు పైకి వెళ్తుంది. ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు, వేసే ప్రణాళికలకు మీ కమిటీ తయారుచేసిన అభివృద్ధి ప్రణాళికే ఆధారం కావాలని అంటుంది. ‘మీరు సంతకం పెట్టండి చాలు’ అని ఎవరైనా అంటే, ఈ రెండు సెక్షన్ల నంబర్లు చెప్పండి.

రాసిపెట్టిన మినిట్స్ (మీటింగ్ వివరాలు) మీద ఇకమీదట ఊరికే సంతకం చేయకండి. పూర్తిగా చదవండి. చదువురాని తల్లులుంటే పైకి చదివించి, అందరూ విన్నాకే వేలిముద్ర వేయమనండి. మీటింగ్ జరగకుండానే పుస్తకం ఇంటికి తెస్తే సంతకం కింద ‘మీటింగ్ జరగలేదు, టీచర్ కొరత గురించి చర్చించలేదు’ అని మీ చేతిరాతతో రాసి తేదీ వేయండి. ఆ ఒక్క వాక్యం రేపు ఏ అధికారి ముందైనా, కోర్టులోనైనా సాక్ష్యంగా నిలుస్తుంది.

తర్వాత మీటింగ్ పెట్టమని కమిటీ చైర్మన్‌ను, మెంబర్ కన్వీనర్ అయిన హెచ్‌ఎం గారిని రాతపూర్వకంగా అడగండి. అందులో ఒక తీర్మానం చేయండి. పెద్ద భాష అక్కర్లేదు, ఇలా ఉంటే చాలు: ‘మా పాఠశాలలో 46 మంది విద్యార్థులు ఉన్నారు. మంజూరైన పోస్టులు రెండు. ఫలానా తేదీ నుంచి ఒక ఉపాధ్యాయుడిని మరో పాఠశాలకు పంపినందున ప్రస్తుతం ఒక్కరే ఉన్నారు. ఇది విద్యాహక్కు చట్టం సెక్షన్ 25కు, షెడ్యూల్‌కు విరుద్ధం. సదరు ఉత్తర్వును వెంటనే రద్దు చేయాలని, మరుగుదొడ్లకు నీటి వసతి కల్పించాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.’ కింద అందరి పేర్లు, సంతకాలు. తీర్మానాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఆ తీర్మానం జత చేసి సెక్షన్ 32 కింద ఫిర్యాదు ఇవ్వండి. పిల్లల విద్యాహక్కు విషయంలో ఇబ్బంది ఉన్న ఎవరైనా స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చని, వాళ్లు అందరి వాదనా విని మూడు నెలల్లో తేల్చాలని ఆ సెక్షన్ చెబుతోంది. మీది మండల పరిషత్ బడి కాబట్టి ఎంపీడీవో పేరున రాసి, ఎంఈవోకు, డీఈవోకు కాపీలు ఇవ్వండి. రెండో ప్రతి మీద స్టాంపు, తేదీ, ఇనిషియల్ వేయించుకోకుండా ఆఫీసు బయటకు రావద్దు. వేయడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో కూడా ఇవ్వండి, అయితే ప్రజావాణిలో ఇచ్చాం కదా అని సెక్షన్ 32 ఫిర్యాదు మానేయకండి. పైస్థాయికి అప్పీలు ఉండేది దాని మీదే. మూడు నెలల్లో తేల్చకపోయినా, ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

ఈలోగా ఒక ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు వేయండి. టీచర్‌ను పంపిన ఉత్తర్వు కాపీ, మీ బడికి మంజూరైన పోస్టుల వివరం, ఈ ఏడాది వచ్చిన గ్రాంట్, దాని ఖర్చు బిల్లులు, కమిటీ మినిట్స్ కాపీలు అడగండి. మండల స్థాయి ఆఫీసుకైతే ఫీజు 5 రూపాయలే, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు రుజువు జత చేస్తే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. గ్రాంట్ ఎందుకు అడగమంటున్నానంటే, ప్రభుత్వ బడుల పథకమైన సమగ్ర శిక్షా నిబంధనల్లో 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 25,000 రూపాయల కాంపోజిట్ స్కూల్ గ్రాంట్ ఉంది. అందులో కనీసం పది శాతం పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలి. ఆ లెక్క చేతికొస్తే నీళ్ల మోటారు గురించి మాట్లాడటం తేలికవుతుంది.

బాత్రూముల విషయంలో మీరు రాసిన వాక్యం చదివి చాలా బాధ కలిగింది. నీళ్లు తాగితే బాత్రూముకు వెళ్లాల్సి వస్తుందని ఏడెనిమిదేళ్ల పిల్లలు దాహాన్ని ఆపుకుంటున్నారంటే, ఇది ఆరోగ్యం పాడయ్యే వ్యవహారం. మగపిల్లలకు, ఆడపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు, సరిపడా మంచినీళ్లు ఉండాలని షెడ్యూల్‌లోనే ఉంది. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా దేశంలోని బడులన్నిటిలో మరుగుదొడ్లు, తాగునీరు, తరగతి గదులు, సిబ్బంది ఆరు నెలల్లోగా కల్పించాలని రాష్ట్రాలను ఆదేశించింది. నీళ్లు రాని బాత్రూము కట్టినట్టు లెక్కలోకి రాదని అర్జీలో స్పష్టంగా రాయండి. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల ఆధ్వర్యంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పాటయ్యాయి. బడుల్లో మరుగుదొడ్లు, తాగునీరు, చిన్న మరమ్మతుల పనులు వాటికే అప్పగించారు. మీ ఊరి గ్రామ సంఘం అధ్యక్షురాలితో మాట్లాడితే ఈ పని టీచర్ విషయం కన్నా ముందే తెమలొచ్చు.

బడికి తాళం వేయడం మాత్రం వద్దు. శాంతియుతంగా సమావేశం కావడం, ప్లకార్డులు పట్టుకోవడం, ఎంఈవో ఆఫీసు ముందు కూర్చుని అడగడం రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చిన హక్కులే. ముందుగా పోలీసులకు సమాచారం ఇస్తే మంచిది. గేటుకు తాళం వేసి టీచర్‌ను లోపలో బయటో ఆపితే భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 126 (అక్రమంగా అడ్డుకోవడం), సెక్షన్ 221 (ప్రభుత్వ ఉద్యోగి విధులకు ఆటంకం) కింద కేసు పెట్టే వీలు ఇచ్చినట్టవుతుంది. అంతవరకు తప్పు అధికారుల వైపు ఉంటుంది, ఆ రోజు నుంచి కాగితం మీద మీ వైపుకు వస్తుంది. పైగా తాళం వేసిన రోజు పిల్లలకు చదువూ ఉండదు, మధ్యాహ్న భోజనమూ ఉండదు. పిల్లల్ని రోడ్డు మీద ధర్నాకు కూర్చోబెట్టడం కూడా నాకు ఇష్టం లేదు.

టీసీ భయం ఎవరూ పెట్టుకోనక్కర్లేదు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టంలోని సెక్షన్ 16 చెబుతోంది. 2019లో ఆ సెక్షన్‌ను సవరించి 5, 8 తరగతుల్లో పిల్లల్ని పై తరగతికి పంపకుండా ఆపే డిటెన్షన్‌కు అవకాశమిచ్చినా, బడి నుంచి తీసేయకూడదన్న నిబంధనను మాత్రం అలాగే ఉంచారు. తల్లిదండ్రులు ప్రశ్నించారని పిల్లల్ని తిట్టినా, వేరుగా కూర్చోబెట్టినా అది సెక్షన్ 17 నిషేధించిన మానసిక వేధింపు కిందకు వస్తుంది. అలాంటిది జరిగితే ఆ రోజే తేదీతో రాసిపెట్టుకోండి.

ఇక మీ తోటికోడలి పాప. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 16లో, దివ్యాంగ పిల్లలకు రవాణా సౌకర్యం కల్పించాలని, ఎక్కువ ఆసరా అవసరమైన పిల్లల విషయంలో వెంట వచ్చే మనిషికి కూడా ఆ సౌకర్యం ఉండాలని ఉంది. సమగ్ర శిక్షా కింద ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్, ఎస్కార్ట్ అలవెన్స్ ఇచ్చేది అందుకే. ఎస్కార్ట్ అంటే ఎవరో బయటి మనిషే కానక్కర్లేదు, ఆ తల్లి పేరునే దరఖాస్తు పెట్టండి. దివ్యాంగ బాలికలకు ఏడాదిలో పది నెలల పాటు నెలకు 200 రూపాయల స్టైపెండ్ కూడా ఉంది. వీటన్నిటికీ ముందు వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు ఉండాలి. వైకల్యం 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువని తేలితే ఇదే దివ్యాంగుల చట్టంలోని సెక్షన్ 31 ప్రకారం పాపకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఉచిత విద్య హక్కు ఉంటుంది. మండలంలోని భవిత కేంద్రానికి (దివ్యాంగ పిల్లల వనరుల కేంద్రం) వెళ్లి, అక్కడ వారికి చదువు చెప్పే ప్రత్యేక టీచరైన ఐఈఆర్‌పీని కలిస్తే దరఖాస్తులు, వీల్‌చైర్ లాంటి ఉపకరణాల క్యాంపు తేదీలు చెబుతారు. బడికి ర్యాంపు లేకపోతే ఆ విషయాన్ని కూడా మీ తీర్మానంలో చేర్చండి. ఏ ఆటంకం లేకుండా బడిలోకి వెళ్లే దారి ఉండాలన్నది కూడా షెడ్యూల్‌లో ఉన్న నిబంధనే. ఆమె కూలి పోగొట్టుకుని పిల్లను ఎత్తుకెళ్తున్న ప్రతి రోజూ ప్రభుత్వం చేయాల్సిన పనిని ఆమె చేస్తోంది. సాయం అడగడానికి ఆమె మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఇవన్నీ చేశాక కూడా కదలిక లేకపోతే 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ (హక్కుల కోసం వేసే పిటిషన్) వేయవచ్చు. ముందు అధికారులను అడిగారా, వాళ్లేమన్నారు అనేదే కోర్టు మొదట చూస్తుంది, అందుకే ఇన్ని కాగితాల గురించి చెప్పాను. లాయర్ ఫీజు గురించి టెన్షన్ పడొద్దు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, దివ్యాంగులకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను పెడతారు. జిల్లా కోర్టులో ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు తీర్మానం కాపీ, స్టాంపు వేసిన ఫిర్యాదు, ఆర్టీఐ జవాబు మూడూ వెంట ఉంచుకోండి.