అమ్మలూ, సెనేట్ ఓటు నవంబర్‌తో అయిపోయిందనుకోకు

అమ్మలూ,

సిటిజన్‌షిప్ ప్రమాణం అయిపోయిందని విని చాలా సంతోషించాను. జార్జియాలో నీ మొదటి ఓటు 2026 నవంబర్ 3న, అమెరికా కాంగ్రెస్ పైసభ అయిన సెనేట్‌లో జాన్ ఆసాఫ్ ఆరేళ్ల పదవీకాలం ముగుస్తున్న సీటుకి. ఎవరికి వేస్తావో నేను అడగను, నువ్వు చెప్పనూ అక్కర్లేదు. ఎలా వేయాలో మాత్రం చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు ఇక్కడ ఓటు పోగొట్టుకునేది అభిప్రాయాలు లేక కాదు, తేదీలూ కాగితాలూ పట్టించుకోక.

ముందు పేరు సంగతి చూడు. సిటిజన్‌షిప్ సర్టిఫికెట్, సోషల్ సెక్యూరిటీ, డ్రైవింగ్ లైసెన్సు, మూడింట్లోనూ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. మనకి ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉంటుంది, పెళ్లయ్యాక ఒకచోట మార్చి మిగతాచోట్ల వదిలేస్తాం. పైగా లైసెన్సు ఆఫీసు రికార్డులో నువ్వింకా గ్రీన్‌కార్డు మనిషివిగానే ఉంటే నమోదు దగ్గర పేచీ వస్తుంది, అందుకని సర్టిఫికెట్ పట్టుకెళ్లి మార్పించుకో. నమోదుకి ఆఖరు రోజు అక్టోబర్ 5.

అల్లుడుగారిది ఇంకా గ్రీన్‌కార్డే కాబట్టి, అదే ఆఫీసులో ఆయన్ని ఓటరుగా చేరతారా అని అడిగితే వద్దనే చెప్పాలి. పౌరులు కానివాళ్లు తెలియక టిక్కు పెట్టినా కేసు దేశం విడిచి వెళ్లమనే దాకా పోవచ్చు. ఈ ఒక్కదానికి మాత్రం నిజంగా భయపడండి.

ఇక అసలు విషయం. ఇక్కడ అందరికంటే ఎక్కువ ఓట్లు వస్తే చాలదు, సగం దాటాలి. 2020 నవంబర్‌లో డేవిడ్ పెర్డ్యూకి 49.7 శాతం, ఆసాఫ్‌కి 47.9 శాతం వచ్చాయి, మూడో అభ్యర్థి రెండు శాతం చిల్లర పట్టుకుపోయాడు. పెర్డ్యూ దాదాపు 88 వేల ఓట్ల ముందున్నా 2021 జనవరి 5న రనాఫ్, అంటే మొదటి ఇద్దరి మధ్యే మళ్లీ పోలింగ్, పెట్టాల్సి వచ్చింది, అందులో ఆసాఫ్ సుమారు 55 వేలతో గెలిచాడు. అదే రోజు ఈ రాష్ట్రం రెండో సీటుకి ఆసాఫ్ పార్టీకే చెందిన రాఫేల్ వార్నాక్ కూడా గెలవడంతో సెనేట్ మొత్తం రెండు పక్షాలకీ 50-50 అయింది. నవంబర్‌లో ఓటేసినవాళ్లలో నాలుగు లక్షల పైమాటే జనవరిలో రాలేదు! 2022లో వార్నాక్ సీటుకి మళ్లీ ఇదే కథ, డిసెంబర్ 6 దాకా తేలలేదు.

2020లో నవంబర్ పోలింగ్‌కీ రనాఫ్‌కీ మధ్య తొమ్మిది వారాలుండేవి, 2021 చట్టం దాన్ని నాలుగుకి తగ్గించింది. అంటే ఈసారి రనాఫ్ పడితే డిసెంబర్ 1న, థ్యాంక్స్‌గివింగేమో నవంబర్ 26న. ముందస్తు ఓటుకి దొరికే కొద్ది రోజులూ చాలావరకు ఆ సెలవుల వారంలోనే పోతాయి, మనవాళ్లంతా అప్పుడు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో చుట్టాలిళ్లలో ఉంటారు. ఇండియా టికెట్లు బుక్ చేసే ముందే ఇది చూసుకో. పోస్టు ఓటు కావాలంటే నీ వయసువాళ్లు రనాఫ్‌కి మళ్లీ దరఖాస్తు పెట్టాలి, నవంబర్‌ది పనికిరాదు. ఆ ఓటు పోలింగ్ రోజు సాయంత్రం ఏడులోపు కౌంటీ ఆఫీసుకి చేరాలి, ఏడులోపు పోస్టు చేస్తే చాలదు.

నా మాట వింటే అక్టోబర్‌లోనే వేసెయ్. మీ చిరునామాలో సువానీ అని ఉన్నా మీది ఫోర్సైత్ కౌంటీ, గ్విన్నెట్ కాదు. ముందస్తు రోజుల్లో మీ కౌంటీలో ఏ కేంద్రంలోనైనా వేయొచ్చు, పోలింగ్ రోజున మాత్రం నీకు కేటాయించినచోటే. ఫోటో ఐడీ ఉండాలి, లోపల ఫోన్ తీయకూడదు, సెల్ఫీ బయటికొచ్చాక తీసుకో. మీ అత్తగారికి ఓటుంది కదా, ఇంగ్లీషు చదవడం రాకపోతే నువ్వు పక్కనుండి సాయం చేయొచ్చు, అక్కడున్న సిబ్బందికి ముందే చెప్పు. కాకపోతే ఆవిడ చెప్పినవాళ్లకే వెయ్యాలి సుమా.

ఒక్క సెనేటర్‌తో మనకేం ఒరుగుతుందని అల్లుడుగారు అంటారేమో. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతం మించకూడదన్న పరిమితి తీసేయాలని 2019లో ప్రతినిధుల సభ 365-65తో బిల్లు పాస్ చేసింది, సెనేట్‌లో ఒకరి తర్వాత ఒకరు అడ్డుపడి 2020 డిసెంబర్ దాకా కదలనివ్వలేదు. చివరికి సెనేట్ వేరే రూపంలో పాస్ చేసింది, రెండూ కలవక బిల్లు పోయింది. మనవాళ్లెందరో గ్రీన్‌కార్డు లైన్లో ఇంకా నిలబడి ఉన్నది ఆ 7 శాతం వల్లే. ప్రచారానికొచ్చిన ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీ అయినా సరే, ఆ పరిమితి మీద ఓటు ఎటు వేస్తారో సూటిగా అడుగు. వాట్సాప్ ఫార్వర్డులు చూసి నిర్ణయించుకోకు.

లైసెన్సు ఆఫీసుకి ఏ రోజు వెళ్తావో చెప్పు, పిల్లాణ్ణి నేనూ మీ అత్తయ్యా చూసుకుంటాం.

మావయ్య